పిల్లిని తరిమితే పోదు, చోటు మారిస్తేనే పోతుంది

గూడూరు: తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసి వెనక్కి తిరిగేసరికి కంపు ముక్కుపుటాలు అదరగొడితే ఏ ఇల్లాలికైనా కోపం రాక మానదు. రాత్రికి రాత్రి ఏ పిల్లో వచ్చి, గోడవార పోసిన ఇసుకలో గుంత తీసి, పని ముగించుకుని, పైన ఇంత మట్టి గోకి చక్కా పోయి ఉంటుంది. "మీ పిల్లే వదినా" అని ఈ ఇంటావిడ అంటే, "మాదెక్కడిదక్కా, అది వీధి పిల్లి" అని ఆ ఇంటావిడ అంటుంది. ఇద్దరి మాటా నిజమే. దానికి పాలు పోసేది ఒక ఇల్లు. దానితో ఎలుకలు పట్టించుకునేది ఇంకో ఇల్లు. అది పాడు చేసింది ఎత్తి పారబోసేది మూడో ఇల్లు. తగవంతా ఈ మూడో ఇంటి దగ్గరే మొదలవుతుంది.

వాన కోసం, తాగునీటి కోసం, పత్తి ధర కోసం ఎదురుచూసే ఈ పడమటి ప్రాంతంలో పిల్లి గొడవ ఒక గొడవేనా అని నవ్వేవారు ఉండవచ్చు. కానీ గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరి గోడ మీద ఎక్కిన పిల్లి పది మిద్దెల మీద తిరిగి వస్తుంది. ఇంట్లో నిండు గర్భిణి ఉన్నా, మట్టిలో ఆడుకునే పసిబిడ్డ ఉన్నా, మగ్గం మీద పట్టు పడుగు ఉన్నా ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. కోపం పట్టలేక అన్నంలో మందు కలిపి పెట్టేవరకు వెళితే అది నేరం కూడా అవుతుంది. కనుక పిల్లి ఎందుకు అలా చేస్తుంది, దాన్ని ఎలా మాన్పించాలి, ఏమి చేయకూడదు అన్నవి తెలుసుకోవడం అవసరం.

పిల్లి లేకపోతే ఎలుక

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ప్రాంతంలో పిల్లిని ఎవరో ముచ్చటపడి తెచ్చుకోలేదు. ఎలుక కోసమే అది ఊళ్లోకి వచ్చింది, ఎలుక కోసమే ఇళ్లలో నిలిచింది. వేరుశనగ కాయ, జొన్నలు, కొర్రలు, విత్తనాలు ఇంట్లో నిలవ పెట్టుకునే రైతుకు పిల్లి కావలిమనిషితో సమానం. ఆదోని వంటి పత్తి మార్కెట్టు ఊరిలో గోదాముల చుట్టూ పిల్లి తిరగడం ఎవరికీ కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో గాని, మగ్గాలున్న ఇతర ఊళ్లలో గాని, నూలుకు గంజి పెడతారు. ఆ గంజి వాసనకు ఎలుక వస్తుంది. ఒక్క రాత్రి ఎలుక పడుగులో పళ్లు పెడితే నేతగాడు రోజుల తరబడి పోగులు అతుక్కుంటూ కూర్చోవాలి. అందుకే మగ్గం ఇంట పిల్లిని కసురుకుంటూనే గిన్నెలో ఇన్ని పాలు పోస్తారు.

ప్లేగు రోజుల సంగతి పెద్దలకు వినికిడిగానైనా తెలుసు. 1896లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు దేశమంతా పాకినప్పుడు, దానికి ఎలుకల మీది గోమార్లే కారణమని తేలింది. బేరారు ప్రాంతంలోని అమరావతిలో పనిచేసిన బుకానన్ అనే తెల్లదొర డాక్టరు, పిల్లులు ఎక్కువగా ఉన్న పల్లెల్లో ప్లేగు తక్కువగా ఉందని 1908లో వైద్య పత్రికలో రాశాడు. పిల్లికి కూడా ప్లేగు సోకగలదని తర్వాత తెలిసింది గాని, ఎలుకకు పిల్లి శత్రువన్న సంగతి మాత్రం మారలేదు. ఊళ్లో పిల్లులన్నింటినీ లేకుండా చేస్తే ఆ ఖాళీలో ఎలుకలు సంసారం పెడతాయి. కనుక మనకు కావలసింది పిల్లి లేని వీధి కాదు. మన వాకిట్లో పాడు చేయని పిల్లి కావాలి.

అక్కడికే ఎందుకు వస్తుంది?

పిల్లి మన మీద పగబట్టి ఈ పని చేయదు. దాని పుట్టుకే అటువంటిది. ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల్లో తిరిగే అడవిపిల్లి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ధాన్యం గాదెల దగ్గర ఎలుకలు చేరాక పిల్లి మనిషికి దగ్గరైంది. ఎండునేల జీవి కనుక తక్కువ నీటితో బతకడం దానికి అలవాటు. అందుకే దాని మూత్రం చిక్కగా, ఘాటుగా ఉంటుంది. ఇసుక నేలలో తిరిగింది కనుక పొడిగా, వదులుగా, గోకడానికి వీలుగా ఉన్న మట్టినే అది వెతుక్కుంటుంది. గట్టి నేల, తడి నేల, కాలికి గుచ్చుకునే నేల దానికి గిట్టవు.

పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం కలిసిన పదార్థం ఉంటుంది. అది తయారు కావడానికి తోడ్పడే మాంసకృత్తు ఏదో జపాను శాస్త్రజ్ఞులు 2006లో వివరించారు. ఈ పదార్థం గాలికి విరిగేకొద్దీ కంపు పెరుగుతుంది. అందుకే పోసిన రోజుకంటే మర్నాడు వాసన ఎక్కువగా ఉంటుంది. ఆపరేషన్ చేయని మగ పిల్లిలో ఇది మరీ ఎక్కువ.

ఇక్కడ రెండు వేరు వేరు పనులను ఒకటిగా పొరబడకూడదు. మొదటిది, గుంత తీసి విసర్జించి కప్పిపెట్టడం. ఇది పిల్లి శుభ్రత. రెండోది, తోక పైకెత్తి గోడకో, తలుపుకో, బండి చక్రానికో మూత్రం చిమ్మడం. ఇది మగ పిల్లి తన హద్దు చాటుకోవడం, ఒకరకంగా దాని పట్టా కాగితం. కొన్ని ఆడ పిల్లులు కూడా ఈ పని చేస్తాయి. మొదటిదానికి మందు మట్టిని మార్చడం. రెండోదానికి మందు ఆపరేషన్. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే పని జరగదు.

మరొక సంగతి. ఒకసారి వెళ్లిన చోట వాసన మిగిలి ఉంటే పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. పైపైన ఊడ్చి వదిలేస్తే మనమే దానికి దారి చూపినట్టు.

మన ఇళ్ల కట్టడమే దానికి అనువు

రాయలసీమ ఇళ్లలో పిల్లికి నచ్చే చోట్లు నాలుగు ఉన్నాయి.

ఒకటి, మట్టి మిద్దె. పాత మిద్దెల మీద చౌడు మట్టి పరిచి ఉంటుంది. ఎండాకాలం అది పిండిలా పొడిబారుతుంది. పిల్లికి ఇంతకంటే మెత్తని చోటు దొరకదు. అది గోకిన గుంతలో తొలి వాన నీరు నిలిస్తే ఆ చోట మిద్దె ఉరుస్తుంది. కంపు ఒక నష్టం, మిద్దె ఉరవడం రెండో నష్టం. వెలుతురు కోసం పెట్టుకున్న గవాక్షి తెరిచి ఉంటే అదే దారిన ఇంట్లోకి కూడా దిగుతుంది.

రెండు, ఇల్లు కట్టుకునేవారు వీధిలో పోయించిన ఇసుక. పని ఆగిపోయి నెలల తరబడి ఉండే ఇసుక కుప్ప పగలు పిల్లలకు ఆటస్థలం, రాత్రి పిల్లులకు మరుగుదొడ్డి. ప్రమాదమంతా ఈ రెండూ ఒకేచోట కావడంలోనే ఉంది.

మూడు, గుంత మగ్గం. వానాకాలంలో బయట నేలంతా తడిసి బురదైనప్పుడు పిల్లి పొడి చోటు వెతుక్కుంటూ లోపలికి వస్తుంది. మగ్గం గుంతలో మట్టి పొడిగా, చీకటిగా, మనిషి అలికిడి లేకుండా ఉంటుంది. పడుగు మీద మూత్రం పడితే మరక పోదు, వాసన అసలే పోదు. పట్టు చీరయితే ఎన్నో రోజుల కూలి గంగలో కలిసినట్టే.

నాలుగు, పూల మొక్కల పాదులు, కూరగాయల మడులు. పెరట్లో తవ్వి మెత్తగా చేసిన మట్టి కనపడితే, తన కోసమే తవ్వారని పిల్లి అనుకుంటుంది.

జబ్బు సంగతి

పిల్లి మలంతో రాగల జబ్బుల్లో ముఖ్యమైనది టాక్సోప్లాస్మా అనే కంటికి కనపడని క్రిమి. ఈ క్రిమిని 1908లోనే గుర్తించినా, పిల్లి మలం ద్వారా ఇది మట్టిలోకి చేరుతుందన్న సంగతి 1970 ప్రాంతంలో గాని తేలలేదు. ఆ పరిశోధన చేసినవారిలో మన దేశంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు జితేందర్ దూబే కూడా ఉన్నారు.

దీని గురించి భయం కంటే వివరం ముఖ్యం. పిల్లి ఎలుకనో, పచ్చి మాంసాన్నో తిన్నప్పుడు ఈ క్రిమి దానికి పడుతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల వరకు మలంలో దాని గుడ్లవంటి తిత్తులను వదులుతుంది. సాధారణంగా పిల్లి జీవితంలో ఇది ఒక్కసారే జరుగుతుంది. మలం పడిన వెంటనే ఆ తిత్తులకు సోకే శక్తి ఉండదు. 1 నుంచి 5 రోజులు గడిచాకే అవి ప్రమాదకరమవుతాయి. ఆ తర్వాత నీడపట్టున, తడి మట్టిలో అయితే ఏడాదికి పైగా కూడా బతికి ఉండగలవు. అంటే ఏ రోజుది ఆ రోజే ఎత్తి పారేస్తే సగం భయం తీరినట్టే. రేపు చూద్దాంలే అన్న చోటే జబ్బుకు తావు ఇచ్చినట్టు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఈ క్రిమి సోకినా చాలామందికి తెలియకుండానే పోతుంది. గర్భిణికి ఆ సమయంలో మొదటిసారిగా సోకితే మాత్రం కడుపులోని బిడ్డకు చేరి, గర్భస్రావం కావడానికో, బిడ్డ కళ్లకు, మెదడుకు హాని కలగడానికో అవకాశం ఉంది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి కూడా ముప్పే. కనుక ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మలం ఎత్తే పని మరొకరు చేయాలి. తప్పనిసరైతే చేతులకు తొడుగు వేసుకుని, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. పెరటి మట్టిలో పని చేసినా అంతే. కూరగాయలు, ఆకుకూరలు బాగా కడగాలి. మాంసం బాగా ఉడకాలి, ఎందుకంటే సరిగా ఉడకని మాంసం ద్వారా కూడా ఇదే జబ్బు వస్తుంది. గర్భిణి ఉందని ఇంటి పిల్లిని వీధిలోకి తోసేయనక్కరలేదు. సందేహం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడగడం మంచిది.

పసిపిల్లల విషయం వేరు. పిల్లి మలంలోని నులిపురుగుల గుడ్లు మట్టిలో చేరి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లల కడుపులోకి పోతాయి. కొక్కెం పురుగుల పిల్లలు పాదాల చర్మంలోకి దూరితే గీతలు గీతలుగా దురద పుడుతుంది. మట్టి తినే అలవాటున్న బిడ్డను ఇసుక కుప్ప దగ్గరికి పోనివ్వకూడదు. ఆడి వచ్చిన పిల్లలకు చేతులు, కాళ్లు కడిగే అన్నం పెట్టాలి.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా రేబిస్ భయం ఉంటుంది. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం వంటివి గాయానికి అద్దకూడదు.

పనికివచ్చే ఉపాయాలు

ఖర్చు లేకుండా, మన దగ్గర దొరికే వస్తువులతోనే చేసుకోగల పనులు కొన్ని ఉన్నాయి.

ఇసుక కుప్ప ఉంటే పట్ట కప్పి అంచుల మీద రాళ్లు పెట్టాలి. ఇది అన్నింటికంటే సులువైన పని, కానీ ఎక్కువమంది చేయని పని. పట్ట లేనివారు ఇసుకను గట్టిగా అదిమి, సాయంత్రం బట్టలు ఉతికిన నీళ్లు పోసినా ఆ రాత్రికి పిల్లి గోకదు. అయితే ముందు అందులో ఉన్న మలాన్ని ఏరి పారేసి ఆ పని చేయాలి. లేకపోతే తడి వల్ల క్రిములు ఎక్కువ కాలం నిలుస్తాయి.

పూల పాదుల్లో, కూరగాయల మడుల్లో పత్తి కట్టె, కంది కట్టె ముక్కలను జానెడు కూడా ఖాళీ లేకుండా అడ్డదిడ్డంగా పరచాలి. పిల్లి తిరగడానికి, గోకడానికి చోటు లేకపోతే రెండు మూడు రాత్రులు చూసి మానుకుంటుంది. మొక్క మొదట్లో గులకరాళ్లు గాని, నాపరాయి ముక్కలు గాని పేర్చినా సరిపోతుంది. బేతంచెర్ల నాపరాళ్లు పరిచే ఇళ్లలో పగిలిన ముక్కలకు కొదవ ఉండదు. ముళ్ల కంప కూడా పనిచేస్తుంది గాని పిల్లలు తిరిగే చోట వేయరాదు. విత్తనం వేసిన మడి మీద ఇనుప జాలీ పరిస్తే మొలక జాలీ సందుల్లోంచే పైకి వస్తుంది.

మట్టి మిద్దె ఉన్నవారు ఎండాకాలం చివర మట్టిని చదును చేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించుకోవాలి. వానకు ముందు ఎలాగూ చేయవలసిన పనే ఇది. గవాక్షికి జాలీ బిగించుకోవాలి. మగ్గం ఇంట పని ముగిసాక గుంత మీద చెక్కగాని, పాత చాపగాని కప్పాలి. పడుగు మీద గుడ్డ కప్పాలి. తలుపు కింది సందు మూయాలి.

శుభ్రం చేసే తీరు కూడా ముఖ్యం. మట్టి నేల అయితే పాడైన చోట రెండు అంగుళాల మట్టి తీసేసి కొత్త మట్టి వేసి అలకాలి. బండల మీద అయితే సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాత సలసల కాగిన నీళ్లు పోయాలి. టాక్సోప్లాస్మా తిత్తులు మామూలు క్రిమిసంహారక మందులకు చావవు, వేడికి చస్తాయి. బట్ట మీద మూత్రం పడితే ముందు చన్నీళ్లతో జాడించి, వెనిగర్ కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి ఉతికితే వాసన తగ్గుతుంది. పట్టుబట్ట అయితే ముందు ఒక మూలన తడిపి రంగు పోతుందో లేదో చూసుకోవాలి. ఎత్తిన మలాన్ని కూరగాయల ఎరువులో కలపరాదు. బావికి, బోరుకు దూరంగా లోతుగా పాతిపెట్టాలి.

అన్నింటికంటే పెద్ద ఉపాయం ఇంకొకటి ఉంది. పిల్లికి వద్దన్న చోటు చూపిస్తే సరిపోదు, కావలసిన చోటు కూడా చూపించాలి. దొడ్లో ఓ మూల, మనుషులు, పిల్లలు తిరగని చోట, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గుంత తీసి సన్నని ఇసుక నింపాలి. పైన ఓ రేకు నీడగా ఉంటే వానాకాలంలో కూడా పొడిగా ఉంటుంది. మొదట దాని మలాన్నే కొంచెం అక్కడ వేస్తే వాసన పట్టుకుని వస్తుంది. ప్రతిరోజూ ఎత్తివేయాలి, ఎందుకంటే తన గుంత మురికైతే పిల్లి మళ్లీ మన ముగ్గు దగ్గరికే వస్తుంది. ఈ గుంత ఎవరి దొడ్లో ఉండాలి అన్నదానికి న్యాయమైన జవాబు ఒక్కటే: పాలు పోసే ఇంటి దొడ్లో.

పనికిరానివి, చేయకూడనివి

గేటు ముందు రంగు నీళ్ల సీసాలు పెట్టడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. పిల్లుల కోసమే నీళ్ల సీసాలు గోడ పొడవునా పెట్టే అలవాటు జపానులో కూడా ఉంది. దీనివల్ల పిల్లి భయపడుతుందనడానికి రుజువు లేదు. ఒకటి రెండు రోజులు కొత్తగా చూసి, మూడో రోజు సీసా పక్కనే కూర్చుంటుంది. పైగా తెల్లని నీళ్ల సీసా మీద పడిన ఎండ భూతద్దంలో పడినట్టు ఒకచోట చేరి నిప్పు పుట్టించగలదని జపానులో హెచ్చరించారు. మన ఎండల్లో వరిగడ్డి వాము పక్కన ఇటువంటిది పెట్టరాదు.

నిమ్మ, బత్తాయి తొక్కలు కొంత పనిచేస్తాయి గాని ఎండితే వాసన పోతుంది, రోజూ మార్చాలి. మనిషి చెవికి వినపడని శబ్దం చేసే యంత్రాలను ఇంగ్లండులో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. తోటల్లోకి పిల్లుల రాక కొంత తగ్గింది గాని ఆగిపోలేదు.

ఫినాయిలు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఫినాలు జాతి మందులను విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. కాళ్లకు అంటినది నాకితే దాని ప్రాణం మీదికి వస్తుంది. కలరా ఉండలు వేయడం కూడా అంతే. అవి పిల్లికే కాదు, బిళ్లలనుకుని నోట్లో పెట్టుకునే పసిబిడ్డకు కూడా విషం. మూత్రం పడిన చోట బ్లీచింగ్ పొడి చల్లితే ఆ రెండూ కలిసి ఊపిరికి హాని చేసే ఆవిరి పుడుతుంది. కారం చల్లితే గాలికి లేచి మన కళ్లలోనే పడుతుంది.

పిల్లిని సంచిలో కట్టి వంక అవతల వదిలి రావడం మరో పాత పద్ధతి. చాలా పిల్లులు తిరిగి దారి పట్టుకుని వస్తాయి. రాకపోతే ఆ ఖాళీలోకి ఇంకో పిల్లి వస్తుంది, ఎందుకంటే మన వీధిలో తిండి, ఇసుక అలాగే ఉన్నాయి కదా. మన పిల్లిని పక్క ఊరి మీదికి తోలడం సమస్యను తీర్చడం కాదు, చేతులు మార్చడం.

ఇక మందు పెట్టడం. పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పాపం పోదని మన పెద్దల నమ్మకం. పిల్లి నోరు పెట్టిన నీరు అపవిత్రం కాదన్న మాట ప్రవక్త బోధల్లో ఉందని ముస్లిం పెద్దలు చెబుతారు. రెండు మతాలవారు కలిసి బతికే మన వీధుల్లో ఈ ఒక్క విషయంలో భేదం లేదు. చట్టం కూడా అదే చెబుతోంది. జంతువులను హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం చేసినా 5 ఏళ్ల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పైగా పెట్టిన విషాన్ని పిల్లే తింటుందని నమ్మకం లేదు. పక్కింటి కోడి తినవచ్చు, కుక్క తినవచ్చు, ఆడుకునే బిడ్డ ముట్టుకోవచ్చు. అప్పుడు వీధి తగవు కాస్తా పోలీసుస్టేషను మెట్లెక్కుతుంది.

ఇది ఒక ఇంటి పని కాదు

ఎవరి వాకిలి వారు కాపాడుకుంటే చాలదు. ఒకరు కంది కట్టె పరిస్తే పిల్లి పక్కింటికి పోతుంది. పక్కవారు పట్ట కప్పితే ఎదురింటికి పోతుంది. ఇలా వీధంతా తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న ఎలుకల సభలాగే వీధిలో మన మాటలు కూడా అక్కడే ఆగిపోతున్నాయి.

అయిదారు ఇళ్లవారు ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని నాలుగు విషయాలు ఒప్పుకుంటే చాలు. మొదటిది, చేపల తుక్కు, కోడి వ్యర్థాలు, మిగిలిన అన్నం వీధిలో పారేయకూడదు. తిండి ఉన్న చోటికే పిల్లి వస్తుంది. చెత్తను మూత ఉన్న డబ్బాలో పెట్టి పారిశుధ్య కార్మికులకు ఇవ్వాలి. రెండోది, పిల్లికి తిండి పెట్టేవారు ఒకే వేళకు, ఒకే చోట పెట్టి, తిన్నాక గిన్నె తీసేయాలి. మూడోది, ఇసుక గుంత పైన చెప్పినట్టు వారి దొడ్లోనే ఉండాలి, వారే ఎత్తాలి. పాలు పోసిన చెయ్యే పారబోయాలి కూడా. నాలుగోది, వీధిలో ఇసుక పోయించినవారు పట్ట కప్పించాలి.

అయిదో విషయం కొంచెం ఖర్చుతో కూడుకున్నది. ఆడ పిల్లి నాలుగు నెలల వయసుకే కట్టగలదు. రెండు నెలలకు కాస్త పైగా మోసి పిల్లలను పెడుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనుతుంది. ఇవాళ వీధిలో రెండు పిల్లులంటే వచ్చే ఏడాదికి ఎన్నో చెప్పలేం. కనుక ఆపరేషన్ చేయించడమే శాశ్వతమైన దారి. మగ పిల్లికి చేయిస్తే గోడలకు చిమ్మే అలవాటు చాలావరకు తగ్గుతుంది, కంపులో ఘాటు తగ్గుతుంది, రాత్రిపూట అరుపులు, కొట్లాటలు తగ్గుతాయి. ఎలుకలు పట్టడం మాత్రం మానదు. దగ్గరి పశువైద్యశాలలో అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు. వీధి కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లు చేయించే బాధ్యతను 2023 నాటి కేంద్ర నిబంధనలు స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆ పని జరిగేటప్పుడు వీధి పిల్లుల సంగతి కూడా చూడవలసిందిగా గూడూరు నగర పంచాయతీవారిని, ఎమ్మిగనూరు, ఆదోని పురపాలక సంఘాలవారిని ఆయా వార్డుల ప్రజలు అర్జీ పెట్టి కోరవచ్చు. ఒక్కరు అడిగితే నవ్వవచ్చు గాని వీధంతా సంతకాలు చేసి ఇస్తే కాగితం కదులుతుంది.

వీధికి పిల్లి కావాలి, ఇంటికి శుభ్రత కావాలి. రెండూ కుదిరే పనే. ఇసుక మీద ఒక పట్ట, పాదులో నాలుగు కంది కట్టెలు, దొడ్లో ఒక ఇసుక గుంత, వీధిలో ఒక మంచి మాట. ఇంతకంటే పెద్ద పెట్టుబడి ఏమీ అక్కరలేదు. ఇంట్లో గర్భిణులు, పసిబిడ్డలు ఉన్నవారు మాత్రం రేపటికి వాయిదా వేయకుండా, తమ ఇంటి చుట్టూ ఉన్న ఇసుకను, మట్టిని ఈ రోజే ఒకసారి చూసుకోవడం మంచిది.